దుబాసీ సవరణ

వుల్వర్‌హాంప్టన్ కోర్టులో నాలుగో గది.
రేడియేటర్ మీద ఎవరిదో తడి గొడుగు ఆరుతోంది.
నాకిచ్చిన కుర్చీ కోటేశ్వరి గారి పక్కన,
ఆవిడ ఎడమ చెవికి జానెడు దూరంలో.
అడ్డంగా పెట్టిన తెరకి అవతల
ఆవిడ కూతురు.

నా పనికి ఒకటే నియమం:
ఎవరు "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
కలపకూడదు, తీసెయ్యకూడదు, సర్దకూడదు.

స్నిగ్ధకి పంతొమ్మిదేళ్లు.
ఆ పిల్లకి వచ్చిన తెలుగంతా వంటింట్లోదే:
పెరుగు, చాలు, ఆకలి లేదు, వస్తున్నా.
భయానికి తెలుగు ఎవరూ నేర్పలేదు.
ఇంగ్లీషులో చెబుతోంది,
నేను తల్లి చెవిలో పోస్తున్నాను:

"నా ఫోను లాక్కున్నారు.
నా గది తలుపు గడియ ఊడదీశారు.
విమానం ఎక్కితే పెళ్లి, ఎక్కకపోతే చావు,
రెండిటికీ ఖర్చు మాదే అన్నాడు పెదనాన్న.
చిలకలూరిపేట మనిషిని ఫొటోలో చూశాను, అంతే.
నాకు భద్రంగా ఉండాలనుంది."

కూతురి మాటలు
నా యాభై రెండేళ్ల బొంగురు గొంతులో వింటూ
కోటేశ్వరి గారు చేతిసంచి జిప్పు
తీశారు, వేశారు, మళ్లీ తీశారు.

తెర కింద పిల్ల బూట్లు కనబడుతున్నాయి,
వాటి పక్కన మోరీన్ బూట్లు, మడమలు అరిగినవి.
ఆశ్రయం ఇచ్చిన ఇంటి నుంచి
తెల్లవారుజామున కారులో తీసుకొచ్చింది,
ఫ్లాస్కులో టీ పోసుకుని.
లోపల ఆమెకి మాట్లాడే హక్కు లేదు.
పిల్ల గొంతు ఆగినప్పుడల్లా
ఒక అరిగిన బూటు కాస్త దగ్గరికి జరుగుతుంది.

పెదనాన్న లాయరు "ఆనర్" అన్నాడు మూడుసార్లు.
పరువు, పరువు, పరువు అన్నాను నేను.
మన భాషలో అది ఎప్పుడూ పోయేదే.
ఎవరికైనా పరువు వచ్చిందని నేనైతే వినలేదు.

ఇరవయ్యేళ్ల కిందట స్లౌలో
ఏడుస్తున్న పెళ్లికూతురికి జడ వేస్తూ
"మూడు ముళ్లూ పడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నాను.
అది ఎవరి తరఫునా అన్న మాట కాదు.
ఆ పిల్ల పేరు కూడా గుర్తు లేదు నాకు.

పాస్‌పోర్టు ఎక్కడుంది, అడిగారు జడ్జి.
ఎవరూ పలకలేదు.
తరవాత నా పక్కనుంచి, గాలి కన్నా సన్నగా:
"బియ్యం డబ్బాలో. నేనే పెట్టాను."
గదికంతటికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పాను,
నేనే పెట్టాను.
వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది.

ఎవరికి దొరక్కుండా?
మౌనాన్ని తర్జుమా చెయ్యడం నా పని కాదు.
రేడియేటర్ టిక్కుటిక్కుమంటోంది.
"టికెట్టు తేదీ దాటేదాకా," అన్నారావిడ.
అడిగింది అది కాదు.
అయినా తెర కింద పిల్ల బూట్లు రెండూ
మా వైపు తిరిగాయి.

ఉత్తర్వు వచ్చింది.
పిల్లని దేశం దాటించకూడదు.
ఇంట్లోవాళ్లెవరూ దగ్గరికి పోకూడదు, తల్లితో సహా.
అది కూడా నేనే చెప్పాను, ఆవిడ చెవిలో.
మోరీన్ పిల్లని వెనక తలుపు గుండా తీసుకెళ్లింది.

మెట్ల దగ్గర నా కోటు చేయి పట్టుకుని
"ఈ రాత్రికి నేను ఏ ఇంటికి పోను?" అన్నారు కోటేశ్వరి గారు.
కక్షిదారులతో నేను మాట్లాడకూడదు.
వెనక్కి వెళ్లి, కౌంటర్ దగ్గర కుర్రాడితో
నియమం ప్రకారమే అన్నాను:
ఈ రాత్రికి నేను ఏ ఇంటికి పోను?
అతను నా మొహంలోకి చూసి
నన్ను కూర్చోమని కుర్చీ లాగాడు.
ఆవిణ్ణి కూర్చోబెట్టాను.
మోరీన్ వాళ్ల నంబరు అతని దగ్గరే ఉంది.

బస్సులో టైంషీటు నింపాను. మూడుంబావు గంటలు.
కింద ఖాళీ గడిలో రాశాను:
దుబాసీ ఒక సవరణ కోరుతోంది.
ఉదయం "భద్రంగా" అన్నాను.
అది బంగారానికీ, దస్తావేజులకీ వాడే మాట.
ఆ పిల్ల అన్నది "క్షేమంగా" అని.
ఉత్తరం మొదటి వరసలో రాస్తామే,
ఇక్కడ మేమంతా, అని.